చెంబు గురువు శిష్యురాలి పెళ్లి

నన్ను మేస్త్రీని చేసింది నా తెలివి చూసి కాదు, నా చేతులు చూసి. జీడి షెడ్డులో పొట్టు తీసే పనికి చేరిన కొత్తలో నా తట్టలో విరగని గుండు పప్పు ఒకటి కనపడితే పక్కవాళ్లు లేచొచ్చి చూసి వెళ్లేవారు. మిగతాదంతా బద్దలు, ముక్కలు, పొడి. మా షావుకారు కొన్నాళ్లు ఓపిక పట్టి, చివరికి, "ఒరేయ్, నువ్వు పప్పు ముట్టుకోకుండా ఉంటే అదే నాకు లాభం. అందర్నీ చూసుకుంటూ అటూ ఇటూ తిరుగు" అన్నాడు. అలా వచ్చింది నాకు పదోన్నతి. ఏడో తరగతిలో మాస్టారు కూడా ఇలాగే బయట తిరగమన్నాడు. తిరుగుతూ తిరుగుతూ మళ్లీ లోపలికి వెళ్లడం మరిచిపోయాను.

ఈ సంగతులు ఇప్పుడెందుకంటే, మొన్న మా మనవరాలు ఫోనులో ఏదో బొమ్మల సీరియల్ చూస్తూ పకపకా నవ్వుతుంటే నేనూ తొంగి చూశాను. చారెడేసి కళ్లు, నీలం జుట్టు, చేతిలో కర్ర, వెనకాల ఎగిరే జంతువు. "దీన్ని యానిమే అంటారు తాతా. జపాన్ వాళ్లది. నీకర్థం కాదులే" అంది. షెడ్డు నిండా ఆడవాళ్లకు అలాంటిదొకటి రోజూ మధ్యాహ్నం కథగా చెప్పినవాణ్ని నేను. నాకు అర్థమయిందా లేదా అన్నది వేరే సంగతి. ఇది చదివే మీరంతా ఆ వయసు పిల్లలే కాబట్టి రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. పలాస, కాశీబుగ్గ చుట్టూ ఎటు చూసినా జీడి షెడ్లే. ఉద్దానం ఊళ్ల నుంచి ఆడవాళ్లు పొద్దున్నే ఆటోల్లో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని వచ్చేవారు. జీడి పిక్కలు కాల్చడం, కొట్టడం ఒక వైపు. అక్కడ జీడి రసం అంటి చేతులు కాలేవి. మా వైపు పొట్టు తీయడం. కొట్టిన పప్పును వేడి గదిలో ఆరబెడితే పైపొట్టు పెళుసెక్కుతుంది. బయటికి తీసిన పప్పును ఆ పూటే ఒలిచెయ్యాలి. సముద్రపు తేమ గాలి తగిలిందంటే పొట్టు మళ్లీ పప్పును కరుచుకుంటుంది. ఇక గోటితో గీకినా కత్తితో గీకినా విరగడమే. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, దీనితో పనుంది.

చెయ్యి తిరిగిన ఆడవాళ్ల కోసం షెడ్ల వాళ్లు పోట్లాడుకునేవారు. మా దగ్గరేమో మధ్యాహ్నం అన్నాలు తిన్నాక సగం మంది టీవీ సీరియల్ కోసం లేచిపోయేవారు. "టీవీయే ఇక్కడికొచ్చీసిందనుకో బాబూ, ఇంక ఆల్లెక్కడికెల్తారు" అని నేనే షావుకారు చెవిలో వేశాను. ఆయన టెక్కలిలో ఎవరిదో పాత టీవీ పట్టుకొచ్చి, గోడకు బల్ల కొట్టించి ఎత్తుగా పెట్టించాడు. కేబులు వైరు లాగించాడు. అంతా అయ్యాక నా భుజం మీద చెయ్యేసి మెల్లగా చెప్పాడు.

"పని తగ్గిందంటే టీవీ టెక్కలి వెళ్లిపోతుంది. నువ్వు పిక్కలు కొట్టే గదిలోకి వెళ్లిపోతావు."

నా చేతుల సంగతి ఆయనకు తెలుసు. అప్పుడప్పుడే మేస్త్రీగారి భార్యనని చెప్పుకుంటున్న మా ఆవిడ సంగతి నాకు తెలుసు.

మొదట తెలుగు సీరియలే పెట్టాను. అత్త ఏడిస్తే కోడలు ఏడ్చేది, కోడలు ఏడిస్తే మా షెడ్డంతా ఏడ్చేది. ఏడ్చే మనిషికి చేతులాడవు. పైగా కన్నీళ్లు పడి పప్పు తడిసేది. అది మానిపించి సినిమా పెట్టాను. పాట రాగానే తలలన్నీ పైకి, చేతులన్నీ ఒళ్లోకి. ఇక పిక్కలు కొట్టే గది వాసన నాకు ముందుగానే రావడం మొదలుపెట్టింది. అలాంటి ఒక మధ్యాహ్నం చానల్ మారుస్తుంటే టీవీ బటను లోపలికి ఇరుక్కుపోయి ఒక చోట నిలబడిపోయింది. ఏదో హిందీ చానలు. అందులో బొమ్మలు. ఒక కుర్రాడు కత్తిని ఒరలోంచి లాగలేక, ఒరతో సహా రాక్షసుణ్ని బాదుతున్నాడు.

"అదేటి మేస్త్రీ, ఆడు కత్తి బయటికి తియ్యడేటి?" అని ఎవరో అడిగారు.

"తుప్పట్టీసినాది" అన్నాను.

షెడ్డంతా నవ్వింది. నవ్వింది గానీ ఒక్కరి చెయ్యీ ఆగలేదు. అప్పుడు వెలిగింది నాకు. వీళ్లకు హిందీ రాదు కాబట్టి టీవీని వినక్కర్లేదు. కళ్లు పప్పు మీద ఉంటాయి, చెవులు నా మీద ఉంటాయి. పెద్ద చప్పుడేదైనా అయితే ఒకసారి తలెత్తి చూసుకుని మళ్లీ దించేస్తారు. బటను బాగుచేయించమని షావుకారు రెండు మూడు సార్లు అన్నాడు. నేను చేయించలేదు.

నా హిందీ ఎంతంటారా? కుర్రతనంలో ఖరగ్‌పూర్‌లో ఒక టీ కొట్టులో గ్లాసులు కడిగాను. టీ కావాలా, గ్లాసు ఎవడు పగలగొట్టాడు, వాడి వంశం ఎలాంటిది, ఇంతవరకు ధారాళంగా మాట్లాడగలను. ఆ బొమ్మల్లో టీ కొట్టు ఒక్కసారీ రాలేదు. అందుకని ముఖాలు చూసి నేనే అల్లేవాణ్ని.

కథ ఇదీ. మంత్రాలు నేర్చుకునే ఒక గుంట, అంటే ఆడపిల్ల, ఉంటుంది. దాని మంత్రం ఎప్పుడూ తిన్నగా పలకదు. వాన కావాలంటే కప్పలు కురుస్తాయి, అన్నం కావాలంటే ఆనపకాయలు దొర్లుతాయి. అలా ఒకనాడు తన గురువునే చెంబు చేసి కూర్చుంది. సరిగ్గా చూస్తే అది ముక్కూ మూతా ఉన్న టీ కాచే గిన్నె. కానీ మావాళ్లు చెంబన్నారు కాబట్టి చెంబే. ఆ చెంబు మాట్లాడుతుంది, తిడుతుంది, కోపమొస్తే మూత ఎగరేస్తుంది. ఆయన్ని మళ్లీ మనిషిని చెయ్యాలంటే ఎక్కడో మబ్బుల్లో ఉన్న కొండ ఎక్కాలి. గుంట చంకలో చెంబు గురువు, ముందు తుప్పుకత్తి కుర్రాడు, వెనకాల తన నోట్లోంచి వచ్చే నిప్పుకు తానే జడుసుకునే బొజ్జ డ్రాగను. దాన్ని మేము రెక్కల ఉడుము అనేవాళ్లం. ఊరికో రాక్షసుడు, రాక్షసుడికో తిక్క. ఒక రాక్షసుడైతే ఊరందరి చెప్పులూ ఎత్తుకుపోయి గుహలో దాచుకునేవాడు, ఎడమకాలివి మాత్రమే.

షెడ్డు వాళ్లకంటే నాకే ఎక్కువ పిచ్చి పట్టిందని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. సోంపేటలో మా మావగారింట్లో పండక్కి కూర్చున్నా, చెంబు గురువు ఇప్పుడు ఎవర్ని తిడుతున్నాడో అని మనసు పీకేది.

చిక్కు మాత్రం రెండో రోజే వచ్చింది. మా షెడ్డులో అందరికంటే వేగమైన చెయ్యి, అందరికంటే పెద్ద నోరు ఒకే మనిషివి. మేమంతా పెద్దప్ప అని పిలిచేవాళ్లం. ఆవిడ తలెత్తకుండా అడిగింది.

"మేస్త్రీ, ఆ కత్తోడు ఆ గుంటకేటవుతాడు?"

"ఏటీ అవడప్పా. దార్లో కలిసినాడు."

చేతులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఏడుపు సీరియల్‌కి కూడా అలా ఆగలేదు.

"ఏటీ అవనోడితోటి ఆడగుంట కొండలెంట తిరుగుతాదేటి? ఆ సెంబు సూసి ఊరుకున్నాదా?"

ఆగిన చేతుల్ని చూశాను. షావుకారు కుర్చీ వైపు చూశాను. "మరిచిపోనానప్పా. మేనత్త కొడుకు. సొంత బావ" అన్నాను.

"అలగ సెప్పు మరి" అంది. చేతులు కదిలాయి.

ఆవిడ పక్కనే సోంపేట నుంచి మా వైపు కొత్తగా కోడలై వచ్చిన పిల్లొకతె కూర్చునేది. మా ఆవిడ ఊరి పిల్ల కాబట్టి నన్ను బావా అని ఆటపట్టించడానికి ఆమెకు హక్కుంది. "అలగైతే పెల్లెప్పుడు బావా?" అంది.

"కొండెక్కినాక."

ఆ మాటతో ఇరుక్కున్నాను. అప్పట్నుంచి టీవీలో ఆ ఇద్దరూ కొట్టుకుంటే బావామరదళ్ల సరసం అని చెప్పాలి. కుర్రాడు గుంటను నీళ్లల్లోకి తోస్తే, "సూడండి, వసంతాలాడుతున్నాడు" అని చెప్పాలి. సోంపేట కోడలు పిల్ల తరపు, ఇంకొందరు పిల్లాడి తరపు అయిపోయి కట్నకానుకల దాకా వెళ్లిపోయారు. పెద్దప్ప మాత్రం అప్పుడప్పుడూ, "ఇంటిపేర్లు ఏరేనా?" అని అడుగుతుండేది. "కనుక్కున్నానప్పా, ఏరే" అనేవాణ్ని. పని మాత్రం పెరిగింది. పక్క షెడ్డు నుంచి కూడా మనుషులు మా వైపు రావడం మొదలుపెట్టారు.

ఇక ఆ రోజు సంగతి.

ముందురోజు బొమ్మ అయిపోతూ, రేపే ఆఖరని, రేపటి ముక్కలు కొన్ని చూపించారు. కొండ శిఖరం, చెంబు చుట్టూ వెలుగు, గుంట చేతినిండా తెల్లపూలు, కుర్రాడు తలొంచుకుని పక్కనే. పూలు చూడగానే షెడ్డంతా గోల. రేపు ఒక్కరు కూడా సెలవు పెట్టరని నాకు అర్థమయింది. అక్కడే నా బుర్ర వేలు పెట్టింది. అందరూ వస్తున్నారు కదా అని, రెండు వేడి గదులూ నింపించేశాను. మామూలుగా ఒకటే నింపుతాం. తెల్లారి రెండు గదుల పప్పూ బయటికి తీయించాను. తట్టలు చూస్తే కొండలే. షావుకారు పొద్దున్నే టెక్కలి వెళ్తూ, సాయంత్రం లారీ తీసుకుని వస్తానని చెప్పి, ఆ తట్టల వైపు చూసి, "ఇదంతా అవుద్దా?" అన్నాడు. "పెల్లిరోజు బాబూ, అయిపోద్ది" అన్నాను. ఆయనకేమీ అర్థం కాలేదు.

మధ్యాహ్నం అన్నాలవుతుండగా వాన పట్టుకుంది. సముద్రం వైపు నుంచి అడ్డంగా కొట్టే వాన. బొమ్మ మొదలవడానికి కొంచెం ముందు ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఢామ్మని చప్పుడయింది. టీవీ కళ్లు మూసింది. గొడుగేసుకుని లైన్‌మేన్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన పైకి చూసి, నన్ను చూసి, "రేపటికైనా వత్తే అదృట్టం మావా" అన్నాడు.

తిరిగొచ్చేసరికి సగం మంది లేచి నిలబడి ఉన్నారు. సోంపేట కోడలు కొంగు నెత్తిన కప్పుకుంది.

"రైలు గేటు కాడ సామియానా కొట్టులో జనరేటరున్నాది బావా. టీవీ కూడా ఉన్నాది. సూసొచ్చేత్తాం."

"ఎల్తే ఈ పప్పేటవుతాది?"

"వచ్చి ఒలిసేత్తాం."

"వానగాలిలో మీరొచ్చేసరికి పొట్టంతా పట్టేత్తాది. అప్పుడు మీకు గుండు పప్పు రాదు, నాకు ఉద్యోగం రాదు."

వాళ్లు బొమ్మ మీద ఆశతో ఉన్నారే తప్ప చెడ్డవాళ్లు కాదు. నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే తట్టల వైపు, వాకిలి వైపు చూస్తున్నారు. అన్ని రోజులూ ఎదురుచూసి ఆఖరుది పోగొట్టుకోమని ఏ ముఖంతో చెప్పను? నాకే వెళ్లిపోవాలని ఉంది.

"సముద్రం వైపు కిటికీలు ముయ్యండి. తట్టల మీద గోనెలు కప్పండి, ఒలిసే తట్టొక్కటే బయట పెట్టండి" అన్నాను. "కత నాను సెప్తాను."

"నీకు తెలుసేటి?" అంది పెద్దప్ప.

"నిన్న పూలు సూపించినారు గదా. ఇంకేటుంటాది?"

పెద్దప్ప కూర్చుంది. ఆవిడ కూర్చుంటే అందరూ కూర్చున్నట్టే.

పిల్లలూ, చేతిలో ఏమీ లేకుండా కథ చెప్పడం ఎలాంటిదో ఆ రోజు తెలిసింది. టీవీ ఉన్నప్పుడు నాకు ముఖాలుండేవి. ఇప్పుడు పెంకుల మధ్య గాజుపలకలోంచి పడే ఆ కాస్త వెలుగులో ఒంచిన తలలు, కదిలే వేళ్లు మాత్రమే ఉన్నాయి. ఆ వేళ్లనే చూస్తూ చెప్పాను. వేళ్లు నెమ్మదిస్తే ఒక రాక్షసుణ్ని దింపాను. మరీ నెమ్మదిస్తే చెంబు గురువు చేత మూత ఎగరేయించాను. ఒక తట్ట అయ్యేసరికి వాళ్లు కొండలో ఒక మలుపు తిరిగేవారు.

"కొండింకెంతుంది మేస్త్రీ?" అని ఎవరో అడిగారు.

"తట్టల్లో ఎంతుందో అంతే."

అది విని వాళ్లకు కిటుకు తెలిసిపోయింది. తొందరగా పెళ్లి చూడాలంటే తొందరగా ఒలవాలి. ఇక మాటలు తగ్గి పొట్టు ఎగరడం మొదలయింది. మధ్యలో వాళ్లే కథ లాగేసుకున్నారు. పెళ్లికి భోజనాలేటని ఒకరు, ఉడుము వాకిట్లో కూర్చుంటే విస్తళ్లు అంటుకుపోవా అని ఒకరు. గుంట తలంబ్రాల కోసం మంత్రం వేస్తే బియ్యానికి బదులు జీడిపప్పు కురిసిందన్నాను.

"ఒలిసిందేనా?" అంది సోంపేట కోడలు.

"ఒలిసింది కురిస్తే నిన్నెవులు పిలుత్తారు పెల్లికి?"

పెద్దప్ప నవ్వకుండా అడిగింది. "కాల్లెవులు కడిగినారు? ఆ గుంటకి అమ్మా నాన్నా నేరు గదా."

నిజమే. పెళ్లికొడుకు కాళ్లు కడగనిదే పెళ్లెలా అవుతుంది? అంతలో చెంబు గుర్తొచ్చింది.

"ఇంకెవులప్పా, గురువే. ఆయనే సెంబు గదా. గుంట ఎత్తి పట్టుకున్నాది, ఆయన ముక్కులోంచి నీల్లు పోసినాడు. పోత్తూ తిట్టినాడు, ఈ కాల్లు కడిగి ఎన్నాల్లయిందిరా అని. ఆ నీల్లు తుప్పుకత్తి మీద పడ్డాయి. కత్తి బయటికొచ్చీసినాది. సెంబు మనిసైపోనాడు."

పెద్దప్ప నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. భుజాలు కదిలేలా నవ్వింది, వేళ్లు మాత్రం అలాగే నడుస్తున్నాయి. ఎవరో పెళ్లిపాట ఎత్తుకున్నారు, మిగతావాళ్లు అందుకున్నారు. ఆఖరి గోనె తీసిన తర్వాత కూడా పాట ఆగలేదు.

లారీ వచ్చేసరికి ఇంకా కొంచెం వెలుతురుంది. షావుకారు తడిసిన చొక్కాతో లోపలికొచ్చి, ఒలిచిన పప్పులో చెయ్యి పెట్టి తిరగేశాడు. గుండు పప్పు మామూలు కంటే ఎక్కువే ఉంది. చెవిలో పాట పడింది.

"ఎవరి పెళ్లిరా?"

"సెంబు గురువుగారి శిష్యురాలిది బాబూ" అన్నారు ఆడవాళ్లు.

ఆయన నావైపు చూశాడు. నేను పైకప్పు చూశాను. "టీవీ ఉంటుందిలే" అని మాత్రం అని లారీ దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ రాత్రి ఇంటికెళ్లి మా ఆవిడతో, నేను లేకపోతే పలాస జీడి వ్యాపారం పడిపోయేదని చెప్పాను. ఆమె ఇంకాస్త కూర వడ్డించింది. మర్నాడు కరెంటొచ్చాక చూస్తే టీవీకి ఎవరో పసుపూ కుంకుమా పెట్టి ఉన్నారు.

అక్కడితో ఆగి ఉంటే నేనీ వ్యాసంలో హీరోని. కానీ షావుకారు మంచివాడు, అదే వచ్చిన చిక్కు. కొన్నాళ్ల తర్వాత ఆ చానల్ వాడు ఆఖరి భాగం మళ్లీ వేస్తున్నాడని ఆయనకెలాగో తెలిసింది. అప్పటికి ఆయన కూడా కుర్చీ తిప్పుకుని చూసేవాడు లెండి. ఆ మధ్యాహ్నం వచ్చి, "ఆ రోజు మీరంతా చూడకుండా పని చేశారు. ఇవాళ చేతులు కడుక్కోండి, హాయిగా చూడండి. పప్పు తర్వాత" అన్నాడు. నా ఉద్యోగంలో పని ఆపమని ఆయన చెప్పింది ఆ ఒక్కసారే.

"వద్దు బాబూ, పనవదు" అన్నాను. కేబులు వైరు సరిచేస్తానని లేచాను కూడా. "నువ్వు కూర్చో" అన్నాడు.

మొదటిసారి అందరూ తలలెత్తి కళ్లప్పగించి చూశారు. కొండ వచ్చింది. వెలుగొచ్చింది. చెంబు మనిషయింది. ఇంతవరకు నేను చెప్పిందే. షెడ్డంతా నావైపు తిరిగి మెచ్చుకోలుగా చూసింది. ఆ మనిషి చొక్కాలోంచి బొమ్మ గీసిన గుడ్డ ఒకటి, సగానికి చిరిగినది, తీశాడు. కుర్రాడు తన జేబులోంచి మిగతా సగం తీశాడు. రెండూ కలిపితే అచ్చం గురువు ముఖంతో ఒక తండ్రి, ఒక తల్లి, తల్లి ఒళ్లో పసిగుంట, పక్కన చిన్న చెక్క కత్తి పట్టుకుని బుడ్డోడు. ముగ్గురూ ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు. తర్వాత అన్నాచెల్లెళ్లు ఇద్దరూ చేతినిండా తెల్లపూలు తీసుకెళ్లి తల్లి సమాధి మీద పెట్టారు.

దీనికి హిందీ ఎందుకండీ. తప్పిపోయిన అన్నాచెల్లెళ్లు కలవడం మన సినిమాల్లో ఎన్నిసార్లు చూశారో మావాళ్లు.

సోంపేట కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నావైపు చూసింది. "బావా, తలంబ్రాలు కూడా పోయించీసినావు గదా" అంది.

"హిందీవోల్లు కత మార్చీసినట్టున్నారు" అన్నాను.

షావుకారుకి సంగతి తెలియక అందరి ముఖాలూ చూస్తున్నాడు. పెద్దప్ప నెమ్మదిగా లేచి, తట్ట దగ్గరికి లాక్కుని, కత్తి చేతిలోకి తీసుకుంది. ఒక పప్పు ఒలిచి గుండుగా పక్కన పెట్టింది. అప్పుడు అంది.

"రేపు కూడా కత నువ్వే సెప్పు మేస్త్రీ. నీ ఇంట్లో సంబంధం సూడాల్సొత్తే మాత్రం నువ్వు ఇంటికాడుండు, నానెల్తాను."